మూడో పువ్వు

పళ్ళ డాక్టరు దుకాణంలోకి వచ్చాడంటే చంకలో ఏదో ఒక ఫిరంగి డొల్ల ఉందన్నమాటే. ప్రాక్టీసు మానేసి చాలా కాలమైనా వీధిలో అందరూ ఆయన్ని ఎదుట డాక్టరుగారనే పిలుస్తారు. వెనక మాత్రం ఫిరంగాయన అంటారు. గుండు పేలి, అది వెళ్ళి ఎవరి నెత్తి మీదో పడ్డాక, ఇవతల మిగిలిపోయే ఇత్తడి డొల్లలంటే ఆయనకి ప్రాణం. వెనకటి యుద్ధంలో కందకాల్లో కూర్చున్న సిపాయిలు పొద్దు పోకా, భయం పోకా ఆ డొల్లల మీద మేకుతోనూ సుత్తితోనూ లతలు చెక్కి, పూలకూజాలుగా ఇళ్ళకి పంపేవారు. అలాంటివి ఆయన అద్దాల బీరువా నిండా ఉన్నాయి. “చంపడానికి చేసిన దాని మీద పువ్వు పూయించారమ్మా!” అని కొత్తవాళ్ళకి చెబుతాడు. పాతవాళ్ళకీ చెబుతాడు, అది వేరే సంగతి.

ఆ సోమవారం ఆయన చంకల్లో రెండు డొల్లలున్నాయి.

“జత దొరికిందమ్మా, జత!” అంటూ వాటిని బల్ల మీద పెట్టాడు.

ఆ దుకాణంలో ఒక పక్క మొగుడు తాళంచెవులు కోస్తాడు. రెండో పక్క పెళ్ళాం గుమ్మాలకి కొట్టుకునే పేరు పలకల మీదా, బహుమతి కప్పుల మీదా పేర్లు చెక్కుతుంది. అందుకే ఆయన వీధి మొత్తానికి తాళాలాయన, ఆవిడ అక్షరాలమ్మ. అక్షరాలమ్మ కళ్ళద్దాలు సవరించుకుని డొల్లల్ని దగ్గరికి లాక్కుంది. మోచేయంత ఎత్తున్నాయి. మొదటిదాని మీద అడుగు నుంచి ఒక తీగ లేచి, చుట్టూ తిరిగి, మూడు పువ్వులు పూసి అంచు దగ్గర ఆగింది. తీగకీ పువ్వులకీ మధ్య జాగా అంతా ఆవగింజల్లాంటి చుక్కలు. రెండోదాని మీదా అదే తీగ. కానీ మూడో పువ్వుకి రెండు రేకులే ఉన్నాయి. ఆపైన ఇత్తడి నున్నగా, బోసిగా ఉంది. చుక్కలు కూడా ఒక వరస మధ్యలోనే నిలిచిపోయాయి. వెలుతురుకి వారగా తిప్పితే, మిగతా పువ్వు కోసం సూదితో గీసుకున్న గీతలు మాత్రం సన్నగా కనిపించాయి.

“పాపం, మధ్యలో పోయుంటాడు” అన్నాడు తాళాలాయన, ఆకురాయి ఆపి.

“అందుకే అమ్మాయి దగ్గరికి తెచ్చాను. ఆదివారం టౌన్‌హాల్లో నా డొల్లలన్నీ ప్రదర్శనకి పెడుతున్నారు. ఈలోపల దీన్ని పూర్తి చెయ్యాలి.”

“ఎందుకండీ? ఇలాగే బాగుంది కదా” అంది అక్షరాలమ్మ.

“బాగుండటమేమిటమ్మా, ముందుపన్ను ఊడిన మనిషిలా ఉంటే!” డాక్టరు నిజంగానే నొచ్చుకున్నాడు. జీవితమంతా సందులు పూడ్చిన మనిషి ఆయన. ఎక్కడ ఖాళీ కనిపించినా వేలు పెట్టి చూడకుండా ఉండలేడు. “నేను పన్ను కడితే, సొంతదేదో కట్టుడుదేదో ఇంట్లో ఆడవాళ్ళు కూడా పోల్చలేకపోయేవారు. పనంటే అదీ. నీ వల్ల అవుతుందా? కాదంటే చెప్పు, మరొకర్ని చూసుకుంటాను.”

అంత మాట పడ్డాక ఊరుకుంటే ఆవిడ అక్షరాలమ్మే కాదు. డొల్లని తన వైపుకి జరుపుకుంది.

“ఇంతకీ ఎవరివండీ ఇవి?”

“ఒక కుర్రాడు తెచ్చాడు. మేనత్త ఆస్పత్రిలో ఉందట. ఇల్లు సర్దుతుంటే బయటపడ్డాయట.”

“ఆవిడకి తెలుసా మరి?”

“తెలియకేం?” అన్నాడు డాక్టరు. అని, ముక్కు మీదున్న కళ్ళజోడు కోసం జేబులు వెతుక్కున్నాడు. చివరికి జేబులోంచి చిన్న గుడ్డమూట తీసి బల్ల మీద పెట్టాడు. “ఇదీ వాటితోనే వచ్చింది.”

మూటలో ఒక పెద్ద మేకు ఉంది. మొన అరగదీసి గుండ్రంగా చేశారు. పట్టుకునే చోట చుట్టిన పేలిక చెమటకి నల్లబడి, తోలులా గట్టిపడింది.

*

ఇత్తడి డొల్లకి లోపల ఆసరా లేకుండా దెబ్బ వేస్తే సొట్ట పడుతుంది. మర్నాడు పొద్దున్నే అక్షరాలమ్మ గుగ్గిలం, ఇటుకపొడి, కాస్త నూనె కలిపి కరిగించి డొల్లలో పోసింది. దుకాణమంతా పొగ కమ్మితే తాళాలాయన దగ్గుతూ తలుపులు బార్లా తీశాడు. “యుద్ధం మన ఇంటికే వచ్చిందోయ్” అన్నాడు. ఆవిడ నవ్వలేదు. పని మీదున్నప్పుడు ఆవిడకి జోకులు చెప్పడం గోడకి చెప్పడమే.

గుగ్గిలం గట్టిపడేలోపు ఒక ఇత్తడి రేకుముక్క మీద చుక్కలు వేసి చూసుకుంది. తన ఉలితో వేస్తే చుక్క గుండ్రంగా, శుభ్రంగా వచ్చింది. అదే చిక్కు. ఆ సిపాయి చుక్క శుభ్రంగా లేదు. దాని అంచు ఒక వైపు లేచి, రెండో వైపు అణిగి ఉంది. ఉలి వంచి చూసింది. సుత్తి మార్చింది. రేకుముక్క తిరగేసి మళ్ళీ మొదలెట్టింది. కుదరలేదు. విసుగెత్తి గుడ్డమూట విప్పి ఆ మేకే తీసుకుంది. పేలిక మీద బొటనవేలు ఆనిన చోట గుంట పడి ఉంది. ఆ గుంటలో తన వేలు పెట్టబోతే ఎటూ ఇమడలేదు. మేకుని అటూ ఇటూ తిప్పింది. తర్వాత ఏదో తోచి, మేకుని కుడిచేతికీ సుత్తిని ఎడమచేతికీ మార్చుకుంది. వేలు గుంటలో ఒదిగిపోయింది.

ఎడమచేత్తో గ్లాసు కూడా తిన్నగా పట్టుకోలేని మనిషి, సుత్తి ఎత్తింది. చుక్క పడింది. అచ్చు గుద్దినట్టు అదే చుక్క!

“ఎడమచేతి వాటం మనిషండీ!” అని గట్టిగా అరిచి నవ్వింది. దొంగ దొరికినంత సంబరపడింది. ఆ సంబరంలో భోజనం సంగతి కూడా మరిచిపోయి డొల్లని ఇసుక సంచి మీద ఆనించి కూర్చుంది.

భూతద్దంలో చూస్తే ఆ చుక్కలకి ఒక నడక ఉంది. మూడు చుక్కలు ఒకే లోతున పక్కపక్కనే పడ్డాయి. తర్వాత కాస్త ఎడం. ఆ తర్వాతి చుక్క తేలిగ్గా, అప్పుడే మళ్ళీ మొదలెట్టినట్టు. వరస వరసంతా అంతే. అక్షరాలమ్మ ఆ నడకే పట్టింది. టిక్, టిక్, టిక్. ఆగు. టిక్, టిక్, టిక్. ఆగు. మధ్యాహ్నానికి మూడో రేకు సగం విచ్చుకుంది.

“ఎవరైనా వచ్చారా?” అన్నాడు తాళాలాయన అవతలి నుంచి.

“లేదే.”

“మరి ఎందుకలా తలెత్తి వింటున్నావ్?”

“ఎవరూ? నేనా?”

“కాదు, మీ అమ్మ! పొద్దుట్నుంచీ చూస్తున్నా. మూడు దెబ్బలు కొట్టడం, తలెత్తి వీధిలోకి చెవి పెట్టడం. మూడు దెబ్బలు, ఒక చెవి.”

అక్షరాలమ్మ నమ్మలేదు. తల దించుకుని, పట్టుదలగా, నాలుగో దెబ్బ కూడా వరసగా వేసింది. మేకు జారింది. మొన పువ్వు మీదికి గీసుకుపోవలసింది, వెంట్రుకవాసిలో తప్పింది. మళ్ళీ మూడు కొట్టి ఆగింది. ఈసారి తన తల తనంతట తనే లేవడం తెలిసింది. మెడ బిగుసుకుని ఉంది, ఊపిరి ఆగి ఉంది. వీధిలో ఒక సైకిలు పోయింది. ఎవరో తలుపు వేశారు. అంతకు మించి ఏమీ లేదు. కానీ తను వింటున్నది ఆ చప్పుళ్ళ కోసం కాదు. మీదికి వచ్చే గుండు ముందుగా వినబడుతుందేమోనని ఆ మనిషి చెవి రిక్కించిన తీరు ఇది. ఆ సంగతి తట్టగానే అక్షరాలమ్మ మేకు కింద పెట్టేసింది. లేచి మొహం కడుక్కుని వచ్చింది. వచ్చి, మళ్ళీ అదే కుర్చీలో కూర్చుని, మేకు అందుకుంది.

*

మర్నాడు ఆవిడ వంటింట్లో కూరగాయలు తరుగుతుంటే తాళాలాయన గుమ్మంలో నిలబడి చూశాడు. కత్తి ఎడమచేతిలో ఉంది. మూడు ముక్కలు తరిగి, తలెత్తి, మళ్ళీ మూడు ముక్కలు తరిగింది. ముక్కలన్నీ ఒక్క మందానే ఉన్నాయి. నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఆయన, అలాంటిది అప్పుడు ఎగతాళి మాట ఒక్కటీ రాలేదు.

“దాన్ని ఇవాళే డాక్టరుకి తిరిగి ఇచ్చెయ్” అన్నాడు.

“ఇంకొక్క రేకే ఉందండీ.”

“ఉంటే ఉండనీ. నాకు నచ్చలేదు.”

“నాకు మాత్రం నచ్చిందా?” అంది కత్తి కింద పెట్టి. “రాత్రి నిద్రలో కూడా నా చెయ్యి సుత్తి కోసం వెతుక్కుంది. చెయ్యి ఆగట్లేదండీ. అది పూర్తయితే గానీ నన్ను వదలదు.”

ఆయన ఆ రోజంతా తాళాలు మానేసి ఆవిడ పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

గురువారం మధ్యాహ్నానికి పువ్వు పూర్తయింది. చివరి చుక్క అంచు దగ్గర పడింది. ఆవిడ సుత్తి వదిలి, డొల్లని సన్నసెగ మీద తిప్పుతూ లోపలి గుగ్గిలం కరిగించి ఒంపేసింది. కొత్త చుక్కల తళుకు పోవడానికి నూనెలో మసి కలిపి రుద్ది, తుడిచింది. పని బాగా కుదిరినప్పుడు ఆవిడకి ఎప్పుడూ ఒక తృప్తి కలుగుతుంది. ఇప్పుడది రాలేదు. పక్కనున్న మనిషి చెప్పకుండా లేచి వెళ్ళిపోయినట్టు బోసిగా అనిపించింది.

“ఎక్కణ్ణుంచి నీది?” అన్నాడు తాళాలాయన.

“ఇదిగో, ఇక్కణ్ణుంచి” అని వేలు పెట్టబోయి, ఆగింది. భూతద్దం తెచ్చుకుంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. రెండో రేకు దాకా ఆయనది, ఆ తర్వాత తనది అని లెక్కకి తెలుసు. కానీ కంటికి తెలియడం లేదు. ఆ వరసలో ఏ చుక్క దగ్గర ఒక చెయ్యి ఆగి ఇంకో చెయ్యి మొదలైందో, కొట్టిన మనిషికే అంతుపట్టలేదు.

*

శనివారం పొద్దున అక్షరాలమ్మ డొల్లల్నీ మేకునీ సుత్తినీ సంచిలో పెట్టుకుని డాక్టరింటికి వెళ్ళింది. డొల్లల గది వీధి వైపుంటుంది. బరువు లారీ ఏదైనా పోయిందంటే బీరువాలో ఉన్నవన్నీ ఒక్కసారిగా, నోళ్ళు తెరుచుకున్నవి తెరుచుకున్నట్టే, సన్నగా మూలుగుతాయి. డాక్టరుకి అది సంగీతం. ఆవిడకి మాత్రం ఆ రోజు ఒళ్ళు జలదరించింది.

డాక్టరు రెండింటినీ పక్కపక్కన పెట్టి, వాటి చుట్టూ తిరిగి, కళ్ళనీళ్ళ పర్యంతమయ్యాడు. “దైవత్వం ఉందమ్మా నీ చేతిలో! ఏది ఏదో నాకే తెలియట్లేదు.”

అప్పుడే గుమ్మంలో చేతికర్ర చప్పుడైంది. ఎండుపుల్లలా ఉన్న ముసలావిడ, మణికట్టుకి ఆస్పత్రివాళ్ళు కట్టిన ప్లాస్టిక్ పట్టీ కూడా తీయకుండా, లోపలికి వచ్చేసింది.

“ఫిరంగి డొల్లలు కొనే బాబు మీరేనా? మా మేనల్లుడు మీ అడ్రసు చెప్పాడు. చెప్పేదాకా వాణ్ణి వదల్లేదులెండి.” కుర్చీలో కూలబడి ఆయాసం తీర్చుకుంది. “దెబ్బలాటకి రాలేదు బాబూ. వాడు చేసినదానికి మిమ్మల్ని అని ఏం లాభం? పూర్తయినది మీరే ఉంచుకోండి. సగంలో ఉన్నది మీకెందుకూ కొరగాదు. అది నాకు ఇచ్చెయ్యండి చాలు.”

డాక్టరు జత వైపు చూశాడు. రేపే ప్రదర్శన. ఒక్క క్షణం తటపటాయించి, నొప్పెయ్యదని రోగులకి చెప్పే గొంతు తెచ్చుకున్నాడు.

“సగంలో ఉన్నది ఏదీ లేదమ్మా. రెండూ పూర్తయినవే.”

“కాదు బాబూ. రెండోదానికి మూడో పువ్వు సగమే.”

“మొదట్నుంచీ ఇలాగే ఉన్నాయి. మీరు ఆస్పత్రి నుంచి వచ్చారు కదా, మందుల మత్తుకి ఒక్కోసారి జ్ఞాపకం తికమక పడుతుంది. ఫరవాలేదు, వయసన్నాక మామూలే.”

అక్షరాలమ్మ చెంపలు మండిపోయాయి. ఎంత మాట! పెద్ద మనిషి, చదువుకున్న మనిషి, ముసలిదాని బుర్రనే తప్పు పడుతున్నాడు. కానీ ఆ అబద్ధం నిలబడింది తన చేతి పని మీదే.

ముసలావిడ రెండో డొల్లని ఒళ్ళోకి తీసుకుంది. కళ్ళు మూసుకుని తీగ మీద వేలు నడిపింది. మొదటి పువ్వు, రెండో పువ్వు. మూడో పువ్వు రెండో రేకు దగ్గర అలవాటు కొద్దీ వేలు ఆగింది. తర్వాత, మెట్టు తప్పిన కాలులా, ముందుకి జారింది. అంచు దాకా పోయింది. ఆవిడ వెనక్కి వచ్చి మళ్ళీ తడిమింది.

“ఎప్పుడొచ్చాడు?” అంది.

“ఎవరమ్మా?” అన్నాడు డాక్టరు.

“మా నాన్న. ఇది ఆయన చెయ్యే. సెలవుకి వచ్చినప్పుడు మా వంటింటి గుమ్మంలో కూర్చుని చెక్కాడు. మధ్యలో పిలుపొచ్చింది. ‘ఎవరూ ముట్టుకోకండి, నేనొచ్చి పూర్తి చేస్తా’ అని మేకు గుడ్డలో చుట్టి వెళ్ళాడు. మా అమ్మ ముట్టుకోలేదు. నేనూ ఈ వేలితో తడిమి చూసుకోవడమే తప్ప మేకు ముట్టుకోలేదు. దుమ్ము కూడా నోటితో ఊదేవాళ్ళం.” డాక్టరు చూపు చూసి తల అడ్డంగా ఊపింది. “నాకేం పిచ్చి లేదు బాబూ. పోయాడని కబురొచ్చింది, అమ్మ ఏడ్చింది, అన్నీ అయ్యాయి. మనిషి పోయాడు. పని ఉంది కదా? సగం పని కంటబడితే ఆగలేని మనిషి ఆయన. ఎప్పటికైనా వస్తాడని ఆ ఇల్లు విడిచి నేనెక్కడికీ పోలేదు. పెళ్ళి కూడా వద్దనుకున్నాను. ఈ ఒక్కసారే, నాకు స్పృహ లేనప్పుడు ఆస్పత్రికి మోసుకుపోయారు.”

డాక్టరుకి దారి దొరికింది. మెల్లగా, దయగానే, “మీ నాన్నగారే వచ్చి ఉంటారమ్మా. అలాగే అనుకోండి” అన్నాడు.

ముసలావిడ మొహం వికసిస్తుందని అక్షరాలమ్మ అనుకుంది. అలా జరగలేదు. ఆ మొహం చిన్నపిల్ల మొహంలా ముడుచుకుపోయింది.

“అయితే ఇంటికి రాలేదా? నేను లేని రోజులు చూసి వచ్చాడా? ఎవరిదో ఇల్లు, ఎవరో మనుషులు. ఇక్కడ కూర్చుని పని చేసుకుని పోయాడా? నన్ను చూడకుండానే?”

అది విన్నాక ఊరుకోవడం అక్షరాలమ్మ తరం కాలేదు.

“రాలేదమ్మా” అంది. “మీ నాన్న రాలేదు. అది నేనే చేశాను.”

“నువ్వా?” ముసలావిడ ఆవిణ్ణి ఎగాదిగా చూసింది. “జాలిపడి చెబుతున్నావు. ఇది నువ్వు చేసింది కాదు.”

“ఒట్టమ్మా, నేనే!”

“మా నాన్న చెయ్యి నాకు తెలీదా?”

ఏం చెయ్యాలి? తేడా తెలియకుండా చేశానని మురిసిన మనిషి, ఇప్పుడు తన పని తనదేనని నమ్మించలేక గిలగిల్లాడింది. చివరికి నేల మీద చతికిలబడి, సంచిలోంచి మేకూ సుత్తీ తీసింది. డాక్టరు పాలిష్ డబ్బా మూత లాక్కుని బోర్లించింది. టిక్, టిక్, టిక్. తల లేచింది, చెవి వీధి వైపు తిరిగింది. మళ్ళీ దిగింది. టిక్, టిక్, టిక్.

ముసలావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “ఇంకోసారి కొట్టు” అంది. కొట్టింది. ఆవిడ కిందికి వంగి మూత మీది చుక్కలు వేలితో తడిమింది. చాలాసేపు తడిమింది.

“అయితే ఆయన రాలేదు.”

“రాలేదమ్మా.”

“నన్ను దాటుకుని పోలేదు.”

“లేదమ్మా. తప్పు నాదే. నన్ను క్షమించు.”

ముసలావిడ పెద్ద ఊపిరి వదిలింది. “అమ్మయ్య! చంపేశారు కదూ నన్ను” అంది. ఒక్క నిమిషం తేలిగ్గా కూర్చుంది. తర్వాత ఒళ్ళో ఉన్న డొల్ల వైపు చూసింది. ఆ తేలిక కాస్తా పోయింది. “ఇది చెరిపెయ్యి.”

“కొట్టిన దెబ్బని వెనక్కి తీసే విద్య లేదమ్మా.”

“మరి ఇంక ఆయన దేనికొస్తాడు?”

డాక్టరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ముసలావిడే గది నలుమూలలా కలయజూసింది.

“ఏమీ చెక్కని డొల్ల ఉందా బాబూ మీ దగ్గర?”

డాక్టరు బీరువా కింది అరలోంచి బోసి డొల్ల ఒకటి తీశాడు. ముసలావిడ దాన్ని అక్షరాలమ్మ ముందు పెట్టింది.

“మొదలుపెట్టు. సగంలో ఆపు.”

“అమ్మా, అది మీ నాన్న చెయ్యి కాదు కదా. నాది.”

“మొదలెట్టింది ఎవరైతేనేం? సగం పని కనిపిస్తే ఆయన ఆగలేడు. ఆ గుణం నాకు తెలుసు.”

గుగ్గిలం పోసే తీరిక లేదు. డాక్టరే పూలకుండీలోంచి ఇసుక తోడి, జల్లించి, గోళ్ళలో మట్టితో డొల్ల నిండా కూరాడు. అక్షరాలమ్మ తీగ మొదలుపెట్టింది. ముసలావిడ కళ్ళు మూసుకుని, కర్ర మీద గడ్డం ఆనించి వింది. మూడు దెబ్బలకోసారి ఇద్దరి తలలూ కలిసే లేచేవి. గదిలో ఎండ ఒక గోడ నుంచి ఇంకో గోడకి వెళ్ళింది. ఒక పువ్వు పూసింది. రెండో పువ్వుకి ఒక రేకు విచ్చుకుంది. రెండో రేకు అంచు తిరిగింది.

“చాలు” అంది ముసలావిడ.

సుత్తి ఆగలేదు. టిక్ మంది. అక్షరాలమ్మకి వినబడింది, ఆపాలనే ఉంది, చెయ్యి మళ్ళీ లేచింది. ఆ రేకు ఎటు వంగాలో, దాని పక్కన మూడోది ఎక్కడ పుట్టాలో ఆ చేతికి తెలుసు.

“చాలన్నానా!”

అక్షరాలమ్మ మేకు కింద పడేసి, కుడిచేత్తో తన ఎడమ మణికట్టు పట్టుకుంది. బిగుసుకుపోయిన వేళ్ళని ఒక్కొక్కటే విప్పితే గానీ సుత్తి ఊడి రాలేదు.

“అయ్యో, ఆ రేకు ఒక్కటైనా...” అన్నాడు డాక్టరు, ఉండబట్టలేక.

“మీరూరుకోండి బాబూ” అంది ముసలావిడ. ఇసుక దులిపి, మేకు గుడ్డలో చుట్టి, సగం చెక్కిన డొల్లని చంటిపిల్లలా చంకనెత్తుకుంది. పూర్తయిన జత వైపు చూడనైనా లేదు. కాఫీ తాగి వెళ్ళమన్నా, కారులో దింపుతానన్నా వినిపించుకోకుండా అప్పటికే గుమ్మం దిగిపోయింది. డాక్టరు కారు తాళాలు పట్టుకుని వెనకాల పరిగెత్తాడు.

“అయితే త్వరగా పోనివ్వండి” అంది ఆవిడ కారు తలుపు దగ్గర ఆయాసపడుతూ. “ఇల్లు తాళం పెట్టి వచ్చాను. పొద్దుట్నుంచీ అక్కడ ఎవరూ లేరు.”